ఆఖరి ఇన్నింగ్స్‌కి రెండు పాయింట్లు

ఏడు రన్లు చేసిన జట్టు ఓడిపోతోంది. మూడు రన్లు చేసిన జట్టు గెలుస్తోంది. సాల్ట్ లేక్ మైదానంలో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ఎండలో స్కోరు బోర్డు చెబుతున్న మాట అది. గవరయ్య దాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. బోర్డులో తప్పేమీ లేదు. తప్పు ఆటలోనే పెట్టారు.

పెట్టినవాడు లలిత్. హైదరాబాదు కుర్రాడు, సెక్టర్ ఫైవ్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఈ అమ్మాయిల బేస్‌బాల్ పోటీని ఆ కంపెనీ నెత్తికెత్తుకుంటే, దాన్ని నడిపే పని లలిత్ నెత్తిన పడింది. బేస్‌బాల్ మనకి కొత్తగాని, లెక్కకి కష్టమైన ఆటేం కాదు. బంతిని కొట్టి, మూడు బేసులూ చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే హోమ్‌కి చేరితే ఒక రన్. ముగ్గురు అవుటైతే ఒక జట్టు వంతు అయిపోతుంది. రెండు జట్ల వంతులూ అయితే ఒక ఇన్నింగ్స్. చివరికి ఎవరి రన్లు ఎక్కువైతే వాళ్ళది గెలుపు. చంటిపిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

అర్థమవడమే దానికి ఎసరు పెట్టింది. పోయినేడు ఫైనల్లో ఒక జట్టు రెండో ఇన్నింగ్స్‌కే పదకొండు రన్లు కొట్టేసరికి, వచ్చిన నాలుగొందల మందిలో మూడొందల మంది లేచి ఫుచ్కా బండి చుట్టూ పానీపూరీలకి మూగారు. ఖాళీ కుర్చీలు ఫోటోల్లో పడ్డాయి. లలిత్‌కి పైనుంచి చీవాట్లు పడ్డాయి. దాంతో ఈ ఏడు అతను ఆటకే కొత్త లెక్క రాశాడు.

"సగం ఆటకే ఎవరు గెలుస్తరో తెలిసిపోతే జనం ఎందుకు కూసుంటరు అంకుల్?" అని నెల్లాళ్ళ కిందట జట్ల మీటింగులో గవరయ్యకి వివరించాడు. "ఇప్పట్నుంచి ప్రతి ఇన్నింగ్సూ ఒక కొత్త ఆట. ఇన్నింగ్స్ గెలిచినోళ్ళకి ఒక పాయింట్. రన్లు సమానమైతే ఎవరికీ ఏం లేదు. ఐదోది, ఆఖరిది, దానికి రెండు పాయింట్లు. చివరి బంతి దాకా ఒక్కరు లేస్తే అడుగుండ్రి."

"ఏడు బస్తాలు దించినోడూ ఒక బస్తా దించినోడూ ఒకటేనేటి బాబూ?" అన్నాడు గవరయ్య.

లలిత్ నవ్వి తర్వాతి కాగితం తిప్పాడు. గవరయ్య మాటకి మీటింగులో విలువెంత? అతను కోచ్ కూడా కాదు. గార్డెన్ రీచ్ జట్టుకి కోచ్ లలితాంబ మేడమ్, స్కూల్లో డ్రిల్లు టీచరు. గవరయ్య ఆ జట్టులో రమాకుమారికి తండ్రి, పైగా మూడో బేస్ పక్కన నిలబడి చేతులూపే మనిషి. అంతే.

ఇప్పుడా లెక్కే గొంతుకి అడ్డం పడింది. మొదటి ఇన్నింగ్స్ సాల్ట్ లేక్ అమ్మాయిలు రెండు రన్లతో గెలిచారు. రెండోది ఎటూ కాలేదు. మూడోదాంట్లో గార్డెన్ రీచ్ పిల్లలు పూనకం వచ్చినట్టు ఆడి ఏడు రన్లు కొట్టారు. ఏడింటికీ కలిపి ఒక్క పాయింటు! నాలుగోది సాల్ట్ లేక్ ఒకే ఒక్క రన్‌తో ఎగరేసుకుపోయింది. పాయింట్లు సాల్ట్ లేక్‌కి రెండు, గార్డెన్ రీచ్‌కి ఒకటి. మిగిలింది ఆఖరి ఇన్నింగ్స్.

గెలిచిన జట్టు మొత్తం బెంగాల్ తరఫున భువనేశ్వర్ పోటీలకి వెళుతుంది. అక్కడ ఆడిన సర్టిఫికెట్టు ఉంటే రైల్వేలో స్పోర్ట్స్ కోటాకి అప్లికేషను పెట్టుకోవచ్చు. సాల్ట్ లేక్ పిల్లల్లో సగం మందికి ఆ కాగితంతో పని లేదు. రమాకుమారికి ఉంది. మెటియాబురుజ్‌లో ఒక కుట్టుపని షెడ్డులో చొక్కాలకి కాజాలు కుడుతుంది. నాలుగేళ్ళుగా పొద్దున్న ఐదింటికి లేచి ప్రాక్టీసు, తర్వాత షెడ్డు. ఏప్రిల్‌తో ఇరవై ఒకటి నిండుతాయి, ఈ పోటీకి వయసు దాటిపోతుంది. వచ్చే ఏడనేది లేదు. ఈ సంగతి తండ్రీ కూతుళ్ళు ఇంట్లో ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకోకపోయినా అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అది వాళ్ళతోపాటు కూర్చునేది.

గవరయ్య చేతుల సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఓడరేవు డాకులో అతను సిగ్నల్‌మన్. ఓడ లోపల సరుకు ఎక్కడుందో పైన క్రేను తోలేవాడికి కనబడదు. కనబడేది డెక్కు మీద నిలబడ్డ గవరయ్య చేతులొక్కటే. ఆ చేతులు లెమ్మంటే హుక్కు లేస్తుంది, దిగమంటే దిగుతుంది. టన్నుల బరువు మనుషుల నెత్తి మీదుగా పోతుంటే నోటిమాట చాలదు. బేస్‌బాల్‌లోనూ అంతే. బేసుల వెంట పరిగెత్తే పిల్ల వెనక్కి తిరిగి బంతి చూస్తే ఒక అడుగు పోతుంది. తన బదులు ఇంకొకరు చూడాలి. ఏక్‌బాల్‌పూర్‌లో రోడ్డుకి అటు నుంచి కూతుర్ని ఒక్క వేలితో ఆపడం చూసి, లలితాంబ అతన్ని ఈ పనికి పట్టుకుంది. పిల్లలందరూ డాకు మనుషుల పిల్లలే కాబట్టి కొత్త సైగలు నేర్పే పని లేకపోయింది.

సైగలతోపాటు డాకు కట్టుబాటు కూడా వచ్చింది. కదలమని చెప్పే హక్కు సిగ్నల్‌మన్ ఒక్కడిదే. రెండు చేతులూ బారచాపి ఎవరు ఆపమన్నా ఎందుకూ ఏమిటీ అనకుండా ఆగాలి. కింద మనిషి పడి ఉంటే, అతన్ని తీసేదాకా హుక్కు కదలకూడదు. ఓడ ఆలస్యమైనా, పైవాళ్ళు గంతులేసినా కదలకూడదు. గవరయ్య పిల్లలకి ఇది పాఠంలా చెప్పలేదు. అన్నం ఎలా కలుపుకోవాలో నేర్పినట్టు నేర్పాడు.

ఐదో ఇన్నింగ్స్‌లో సాల్ట్ లేక్ ఒక రన్ చేసింది. గార్డెన్ రీచ్ వంతు వచ్చింది. మొదటి పిల్ల అవుటు. రెండో పిల్ల ఎలాగో హోమ్ చేరింది, ఒకటీ ఒకటీ సమానం. కుర్చీల్లో జనం లేచి నిలబడి అరుస్తున్నారు. ఫుచ్కావాడు కూడా బండి వదిలి మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గరికి వచ్చాడు. మూడో పిల్ల అవుటు. ఇంకొక్క అవుటైతే ఆట అయిపోయినట్టే.

నాలుగోదిగా బ్యాట్ పట్టిన రమాకుమారి బంతిని కొట్టి రెండో బేస్ దాకా చేరింది. నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తండ్రి వైపే చూస్తోంది.

లలితాంబ గబగబా గవరయ్య దగ్గరికి వచ్చింది.

"సమానంతో మనకి ఒరిగేదేం లేదండీ. సమానమంటే ఇన్నింగ్స్ ఎవరిదీ కాదు, పాత రెండూ ఒకటీ అలాగే ఉండి వాళ్ళే గెలుస్తారు. ఇంకొక్క రన్ కావాలి. రమ వస్తే మనకి మూడు పాయింట్లు."

"తెలుసు మేడమ్."

"రెండు అవుట్లు అయిపోయాయి కాబట్టి ఆపి చూసేదేమీ లేదు. బ్యాట్‌కి బంతి తగలగానే పరుగే. మీరు దాన్ని ఆపకండి, నా మాట వినండి."

"ఆపను మేడమ్. నానేటి, పిచ్చోడినా?" అన్నాడు.

బ్యాట్ పట్టింది అప్పలలక్ష్మి. పొట్టిది, బలమైనది, ఓపిక లేనిది. మొదటి బంతి వదిలేసింది. రెండోది గాలిలో ఊపి తప్పింది. జనం "అయ్యో" అన్నారు. గవరయ్య అరచేతులు లుంగీకి తుడుచుకోబోయి, ఈవేళ ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి దానికే తుడుచుకున్నాడు.

మూడో బంతిని అప్పలలక్ష్మి మొత్తం ఒంటితో కొట్టింది.

బంతి ఎడమవైపు ఆకాశంలోకి లేచింది. రమాకుమారి కదిలింది. గవరయ్య కుడిచెయ్యి గిరగిరా తిప్పాడు: రా, రా, ఆగకు. అలా తిప్పుతూనే కళ్ళు బంతి మీద పెట్టాడు. ఎడమ మూల కాపలా కాస్తున్న సాల్ట్ లేక్ అమ్మాయి చిన్మయి, ఎవరో బ్యాంకు ఆఫీసరు గారి కూతురు, మొహం పైకెత్తి వెనక్కి పరిగెడుతోంది. బంతి తప్ప ఆ పిల్లకి లోకం లేదు. పట్టిందంటే ఆట వాళ్ళది, వదిలిందంటే వీళ్ళది.

ఆ పిల్ల వెనక, తాడుకి అవతల, మైదానం వాలుగా కాలవలోకి దిగే చోట, క్రికెట్ పిచ్ చదునుచేసే ఇనప రోలర్ ఉంది. కిందికి జారకుండా దానికో ఇటుక అడ్డుపెట్టారు. ఒక్క ఇటుక! టన్ను బరువుకి ఒక్క ఇటుక పెట్టిన మహానుభావుడెవడో గాని, డాకులో అయితే ఆ రోజే ఇంటికి పంపించేవాళ్ళు. వచ్చినప్పటి నుంచి కళ్ళ ముందే ఉన్న ఆ రోలర్ గవరయ్యకి ఇప్పుడు కనబడింది. పిల్ల వీపుకీ ఇనుముకీ మధ్య ఆరడుగులుంది.

అప్పుడతను ఆలోచించలేదు. మేడమ్‌కి ఇచ్చిన మాట గుర్తు రాలేదు, రైల్వే గుర్తు రాలేదు. రెండు చేతులూ వాటంతటవే లేచి బారచాపుకున్నాయి. ఆపు!

ఆ సైగ చిన్మయికి. ఆ పిల్ల అతని వైపు చూడనే లేదు, చూసినా ఆ సైగ ఆ పిల్లకి తెలియదు. తెలిసిన పిల్ల మూడో బేస్ దాటి పది అడుగులు వచ్చి, గుర్రాన్ని కళ్ళెం పట్టి లాగినట్టు ఆగిపోయింది.

"రమా!" అని లలితాంబ కేక పెట్టింది. "పరిగెత్తు! ఎందుకాగావే!"

రమాకుమారి ఆగే ఉంది. తండ్రి చేతులు ఎటు చూపిస్తున్నాయో అటు చూసింది.

చిన్మయి రోలర్‌కి గుద్దుకుంది. బంతి గ్లవ్‌లో పడి, ఆ దెబ్బకి ఎగిరి గడ్డి మీద పడింది. పిల్ల రోలర్ మీదుగా దొర్లి అవతలి వైపు, వాలులో, కిందికి పడింది. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టి మళ్ళీ అరిచారు. బంతి జారిపోయింది కాబట్టి ఆట బతికే ఉంది. అంపైర్ ఆపలేదు. బేస్‌బాల్‌లో మనిషి పడినా బంతి నడుస్తున్నంతసేపు ఆపరు. సాల్ట్ లేక్ పిల్లలిద్దరు చిన్మయి వైపు కాదు, బంతి వైపు పరిగెత్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. ఒక్క రన్‌లో అంతా పెట్టింది పెద్దవాళ్ళు.

గవరయ్య మాత్రం ఇటుకని చూశాడు. ఇటుక జారిపోయింది.

రోలర్ బెత్తెడు కదిలింది. చిన్మయి ఉన్న వైపు. బరువైనది మొదట్లో నెమ్మదిగానే కదులుతుంది, చూసేవాళ్ళకి కదిలినట్టే ఉండదు. ఆ మైదానంలో ఉన్న నాలుగొందల మందిలో అది కదిలిందని తెలిసినవాడు గవరయ్య ఒక్కడే. అతని చేతులు ఇంకా చాపి ఉన్నాయి.

హోమ్ దగ్గర ఖాళీ. బంతి ఇంకా గడ్డి మీదే ఉంది. రమాకుమారికి హోమ్ ఎనభై అడుగులు. నాలుగు సెకన్లు. నాలుగంటే నాలుగు. పిల్ల హోమ్‌లో కాలు పెడితే చాలు, ఆ వెంటనే తాను పరిగెత్తుతాడు, అందరూ పరిగెత్తుతారు, రోలర్ పట్టుకుంటారు. నాలుగు సెకన్లలో ఏం మునిగిపోతుంది? అది అసలు ఇంకా కదులుతుందో లేదో! నాలుగేళ్ళు ఐదింటికి లేచింది. కాజాలు కుట్టి కుట్టి వేళ్ళు కాయలు కాశాయి. తానాపకపోయి ఉంటే ఈపాటికి చేరిపోయేది కదా.

గవరయ్య చేతులు దించాడు. కుడిచెయ్యి తిప్పాడు: రా.

రమాకుమారి ఆ చేతి వైపు చూసింది. మళ్ళీ రోలర్ వైపు చూసింది. మళ్ళీ చేతి వైపు చూసింది. ఆ పిల్ల మొహంలో అప్పుడు కనబడ్డది భయం కాదు. ఇంట్లోకి తెలియని మనిషెవరో వస్తే చూసే చూపు అది.

"ఎల్లు!" అని అరిచాడు గవరయ్య. గొంతు చీరుకుపోయింది. "ఎల్లీ అమ్మీ, ఎల్లీ! తరవాత సూద్దుం!"

రమాకుమారి బేసుల మధ్య పరుగు గీత వదిలేసింది. హోమ్‌కి వీపు తిప్పి, ఎడమ మూలకి, తండ్రి పక్క నుంచే, అతని భుజానికి గాలి తగిలేలా పరిగెత్తింది. "రోలార్ ధొరో!" అని బెంగాలీలో అరుస్తోంది. "బంతి వదిలీండే! రోలర్ పట్టుకోండి! ధొరో!"

అంపైర్ పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తాడు. గీత వదిలి పోయిన ఆటగత్తె అవుటు. రూలు రూలే. మూడో అవుటు. ఒకటీ ఒకటీ సమానం.

గవరయ్య కుడిచెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. సిగ్గుతో ఆ చేతిని కిందికి దించాలని కూడా తోచలేదు. తర్వాత అతనూ పరిగెత్తాడు.

వెళ్ళేసరికి రమాకుమారి రోలర్ కడ్డీ పట్టుకుని మడమలు మట్టిలో దిగేసి వెనక్కి వాలి ఉంది. పళ్ళు బిగించిన మొహం నల్లబడిపోయింది. బంతి తీసుకున్న సాల్ట్ లేక్ పిల్ల దాన్ని విసిరి పారేసి రెండో వైపు కడ్డీ పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆపలేకపోతున్నారు, ఆలస్యం మాత్రం చేస్తున్నారు. గవరయ్య భుజం ఆనించి, కాలితో ఇటుకని వెతికి రోలర్ కిందికి తోశాడు. "నిమ్మళంగా," అన్నాడు, "ఎవులూ వదలకండి. నాను సెప్పినప్పుడు వదలండి." ఎవరో చిన్మయిని చంకల కింద చేతులేసి లాగారు. కాలు వచ్చింది. బూటు రాలేదు. బూటు ముందు భాగం రోలర్ కింద అప్పడమై ఉంది.

డాక్టరు చూసి మడమ బెణికిందన్నాడు, వేళ్ళకి చర్మం లేచింది, ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. నాలుగు సెకన్లు ఆలస్యమైతే ఏమయ్యేదో ఎవరూ అనలేదు. ఎవరికీ ఆ లెక్క తెలియదు, గవరయ్యకి తప్ప.

లలితాంబ లలిత్‌ని పట్టుకుని అరగంట వాదించింది. మనిషిని కాపాడ్డానికి పోయిన పిల్లని అవుటివ్వడమేమిటి, ఆ బంతి మళ్ళీ ఆడించండి అంది. లలిత్ మొహం పాలిపోయి ఉంది. పాపం, దుర్మార్గుడు కాదు. "అంపైర్ ఇచ్చినంక నేనేం చేస్త మేడమ్? పాత లెక్కైతే ఎనిమిది నాలుగు, మీరే గెలిచేటోళ్ళు," అన్నాడు. అన్న తర్వాత ఆ మాట అనకుండా ఉండాల్సిందని అతనికే తెలిసింది. ఎడమ మూల రోలర్ దాకా జరిగింది మొత్తం కెమెరాల్లో పడింది. ఆఖరి దాకా ఒక్కరు కూడా కుర్చీ వదిలి పోలేదు. అతను కోరుకున్నది అక్షరాలా జరిగింది.

రమాకుమారి గుడారం వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. అరచేతుల్లో చర్మం లేచి ఎర్రగా ఉంది. గవరయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోవడానికి ఇంకో కుర్చీ ఉంది గాని కూర్చోలేదు.

"ఆ గుంటపిల్లకి కాలు బాగానే ఉందంట," అన్నాడు.

"ఇన్నాను."

లేసు ముడి పడింది. గోళ్ళతో లాగుతోంది.

"నానాపకపోతే నువ్వు ఎల్లిపోయుందువు. రన్ వచ్చీసును," అన్నాడు గవరయ్య. "మేడమ్ ఆపొద్దని మరీ సెప్పింది. తప్పు నాదే."

"ఆపినందుకేటీ కాదు నాన్నా." ముడి వదిలేసి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు సేతులు అలాగే సాపి ఉంచుంటే, మా నాన్న ఆపీసినాడు, అందుకే నా ఉద్యోగం పోయిందని బతుకంతా నిన్నే తిట్టుకుందును. నిమ్మళంగా తిట్టుకుందును. నువ్వు రమ్మన్నావు. రానిదాన్ని నానే. నాకు మాత్రం ఎల్లాలని లేదేటి? ఇప్పుడెవుర్ని తిట్టుకోను?"

మైదానంలో అవతల సాల్ట్ లేక్ జట్టుకి కప్పు ఇస్తున్నారు, మైకు గురగురలాడుతోంది.

"నాన్నా," అంది, ఈసారి మెల్లగా. "రోలర్ కదిలినట్టు నీకు తెలీదు కదా? సూడలేదు కదా నువ్వు?"

ఆ మాటలో బతిమాలడం ఉంది. చూడలేదమ్మా అంటే చాలు. ఆ పిల్ల నమ్మడానికి సిద్ధంగా ఉంది, నమ్మాలని కోరుకుంటోంది. చూడలేదంటే ఇంట్లో రేపటి నుంచీ అంతా ఎప్పట్లాగే ఉంటుంది. గవరయ్య నాలుక దాకా ఆ మాట వచ్చింది.

"తెలుసు," అన్నాడు. "ఇటుక జారడం నా కళ్ళతో సూశాను. తెలిసే రమ్మన్నాను. నన్నే తిట్టుకో అమ్మీ."

రమాకుమారి ముడి పడ్డ లేసుతోనే బూటుని కాలి నుంచి లాగేసి, చెప్పులు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుంది. బస్‌స్టాండు వైపు ముందు నడిచింది. గవరయ్య ఆమె వెనకే నాలుగడుగుల దూరంలో నడిచాడు. గార్డెన్ రీచ్ దాకా బస్సులో ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు.